తాళం తీసిన తరగతి!

రంగుల చార్టులు అంటించినంత మాత్రాన అది ఆటపాటల బడి అయిపోదు. బొమ్మలు కొన్నంత మాత్రాన చదువు వచ్చెయ్యదు. ఏ వస్తువు ఎక్కడుందో, ఇప్పుడు తానేం చెయ్యాలో, అయ్యాక దాన్ని ఎక్కడ పెట్టాలో ఆరేళ్ల పాపకు ఎవర్నీ అడక్కుండానే తెలిస్తే... అదీ అసలైన ఒకటో తరగతి! గదిని అలా సర్దడం వెనక పెద్ద కథే ఉంది.

'రేపు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారట!'

ఒకప్పుడు ఊరి బడిలో ఈ ఒక్క కబురు చాలు... అంతా హడావుడే. పెద్ద పిల్లలు బిందెలతో నీళ్లు తెచ్చి గది కడిగేవారు. గుమ్మం ముందు ముగ్గులు పడేవి. గోడలకు కొత్త చార్టులు ఎక్కేవి. చివరికి అందరూ ఎదురుచూసే ఘట్టం... హెడ్మాస్టరుగారు జేబులోంచి తాళంచెవి తీసి, మూలనున్న ఇనప బీరువా తెరిచేవారు. గ్లోబు, పూసల చట్రం, భూతద్దం, చెక్క దిమ్మెలు, బొమ్మల పుస్తకాలు... ఒక్కొక్కటే బల్లమీదికి వచ్చేవి. ఒకటో తరగతి పిల్లలు మెడలు సాచి మరీ చూసేవారు.

'దూరం... దూరం! ముట్టుకుంటే పగిలిపోతాయి!'

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చేవారు, చూసేవారు, సంతకం పెట్టి వెళ్లేవారు. సాయంత్రానికి గ్లోబు మళ్లీ బీరువాలోకి, తాళంచెవి మళ్లీ జేబులోకి!

పాపం, మాస్టారిని తప్పుపట్టడానికీ లేదు. వస్తువు పగిలినా పోయినా స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాల్సింది ఆయనే. 1987లో కేంద్ర ప్రభుత్వం 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' పథకం మొదలుపెట్టి ప్రాథమిక పాఠశాలలకు బోధన సామగ్రి ఇచ్చింది. పిల్లలు పట్టుకుని, తిప్పి, విప్పి చూడాల్సిన ఆ సామాను చాలాచోట్ల బీరువాల్లోనే భద్రంగా ఉండిపోయింది.

బడికి సామాను వచ్చింది. పిల్లల చేతికి మాత్రం రాలేదు. చిన్న తరగతుల చదువు ఎందుకు ముందుకు కదలదు అంటే, సగం జవాబు ఆ బీరువా దగ్గరే దొరుకుతుంది.

తాళం మరిచిపోయిన రోజు

ఇలాంటి బీరువా కథే ఇంకొకటి ఉంది. 1907 జనవరిలో ఇటలీ రాజధాని రోమ్‌లో, శాన్ లొరెంజో అనే పేదల వాడలో ఓ చిన్న బడి మొదలైంది. అమ్మానాన్నలు పనికి వెళ్లిపోతే మెట్ల మీద ఆడుకుంటూ, గోడల మీద గీతలు గీస్తూ తిరిగే పిల్లల కోసం పెట్టిన బడి అది. దాని బాధ్యతను మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మకు అప్పగించారు.

అక్కడా అంతే. వస్తువులన్నీ పెద్ద బీరువాలో. తాళం టీచరు దగ్గర. ఆవిడ తీసి ఇస్తేనే పిల్లలు ముట్టుకోవాలి. అయ్యాక ఆవిడే తీసి లోపల పెట్టాలి.

ఓరోజు టీచరు రావడం ఆలస్యమైంది. ముందురోజు బీరువాకు తాళం వెయ్యడం కూడా మరిచిపోయింది. వచ్చి చూసేసరికి ఇంకేముంది! బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి. పిల్లలు ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటున్నారు. ఇది దొంగతనమే అనుకుంది టీచరు. మాంటిస్సోరికి మాత్రం అందులో వేరే సంగతి కనిపించింది. ఏ వస్తువు ఏమిటో ఈ పిల్లలకు తెలుసు. తమకేం కావాలో ఎంచుకోవడమూ తెలుసు. మరి తాళం ఎందుకు?

ఆ తర్వాత ఆ బడిలోకి పిల్లల చేతికి అందే పొట్టి అలమరలు వచ్చాయి. అరల్లో వస్తువులు అమర్చి ఉంటాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకోవాలి, పనయ్యాక తీసిన చోటే పెట్టాలి. చూడ్డానికి చిన్న మార్పే. కానీ దాంతో టీచరు పనే మారిపోయింది. అప్పటిదాకా సామానుకు కాపలా. ఇప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో గమనించడం.

మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అంతలో ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. దాంతో శత్రుదేశపు మనిషిగా ఆంక్షల మధ్య ఆమె మన దేశంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. ఆ సంవత్సరాల్లోనే ఎందరో భారతీయ టీచర్లు ఆమె దగ్గర ఈ పద్ధతి నేర్చుకున్నారు. తర్వాత్తర్వాత ఆ పేరు తెలుగునాట ఊరూరా బడి బోర్డుల మీదికెక్కింది. బోర్డు మీదికి పేరైతే వచ్చింది కానీ, పొట్టి అలమర అన్ని గదుల్లోకీ రాలేదు!

ఆరో సూత్రం

పేదపిల్లలు చదివే సర్కారు బడుల్లో ఇలాంటి గదులు సాధ్యమేనా? మన రాష్ట్రమే ఓసారి గట్టిగా ప్రయత్నించింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో 'ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం' మొదలైంది. ఎ.పి.పి.ఇ.పి. అంటే ఆ తరం టీచర్లు ఇట్టే గుర్తుపడతారు. మొదట కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా నడిచి, 1990లలో ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకూ విస్తరించింది. గదులు కట్టారు. శిక్షణ ఇచ్చారు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఉపాధ్యాయ కేంద్రంలో కలుసుకుని, ఎవరేం చేస్తున్నారో ఒకరికొకరు చూపించుకునేవారు.

ఆ పథకానికి ఆరు సూత్రాలు. టీచరే కృత్యాలు తయారుచేసుకోవాలి. పిల్లలు చేస్తూ, కనుక్కుంటూ, ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా... మూడు రకాలుగానూ పని జరగాలి. పిల్లలందరూ ఒక్కలా ఉండరని గుర్తుంచుకోవాలి. ఊళ్లో దొరికే వస్తువుల్ని, పరిసరాల్ని వాడుకోవాలి. ఇక ఆరోది... పిల్లలు చేసిన పనిని ప్రదర్శించి, గదిని చక్కగా నిర్వహించి, తరగతిని ఆకర్షణీయంగా ఉంచాలి.

చాలాచోట్ల మొదటి అయిదూ కాగితం మీద ఉండిపోయి, ఆరోదాంట్లో సగం మాత్రం గోడకెక్కింది. గోడల నిండా చార్టులు. తీగకు వేలాడే రంగు కాగితాలు. మూలల్లో మట్టి పళ్లూ కూరగాయలూ. చూడ్డానికి ముచ్చటే. కానీ చార్టులు గీసింది టీచరో, డ్రాయింగ్ బాగా వచ్చిన పెద్ద పిల్లాడో. అంటించింది పెద్దల కంటి ఎత్తులో. ఒకటో తరగతి పిల్లలు మాత్రం ఎప్పటిలాగే బారులు తీరి కూర్చుని, ముక్తకంఠంతో వల్లెవేస్తూనే ఉన్నారు.

సూత్రంలో 'ప్రదర్శించడం' ఒక్కటే లేదు. 'నిర్వహించడం' కూడా ఉంది. అందరూ మరిచిపోయిన ఆ మాటను, పథకం ఊసు లేకుండానే పట్టుకున్న బడులు మాత్రం మదనపల్లె దగ్గర ఉన్నాయి.

నిచ్చెన ఉన్న బడి

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు మదనపల్లె. ఆయన ఆలోచనలతో ఏర్పడిన రిషి వ్యాలీ స్కూలు దానికి దగ్గర్లోనే ఉంది. ఆ స్కూలు గ్రామీణ విద్యా కేంద్రం 1980ల చివర్లో చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో బడికి ఒకటే గది, ఒకరే టీచరు. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులన్నీ అందులోనే. పద్మనాభరావు, రమ దంపతులు స్థానిక టీచర్లతో కలిసి ఆ బడులకోసం ఓ పద్ధతి తయారుచేశారు.

వాళ్ల ముందున్న సమస్య వర్షాధారపు పల్లె ప్రతిదానిదీ. వేరుశనగ పీకే రోజుల్లో పాప పది రోజులు బడికి రాదు. తమ్ముణ్ని చూసుకోవాలనో, మేకల వెంట వెళ్లాలనో మరో నాలుగు రోజులు మానేస్తుంది. తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. పక్కవాళ్లంతా చదువుతుంటే తనొక్కతే నోరు మూసుకుని కూర్చుంటుంది. నెల తిరిగేసరికి బడి మానేస్తుంది. చదువు రాక మానేసిందంటారు అందరూ. నిజానికి తను ఆగిన మెట్టు దగ్గర తనకోసం ఎవరూ ఆగలేదు. అంతే!

అందుకే ఆ బడుల్లో పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి గోడమీద నిచ్చెనలా వేశారు. ఒక్కో మెట్టుకీ ఓ కార్డు. కార్డుమీద ఓ బొమ్మ గుర్తు, ఓ నంబరు. అదే గుర్తు నిచ్చెనమీదా, కార్డులుండే పళ్లెం మీదా ఉంటుంది. అంటే ఇంకా చదవడం రాని పిల్లలు కూడా తమ కార్డు తామే వెతుక్కోవచ్చు. కొన్ని మెట్లు కలిస్తే ఓ మైలురాయి. అందులో ముందు కొత్త సంగతి పరిచయం, తర్వాత ఆటలతో సాధన, ఆపైన వచ్చిందో లేదో చూసుకోవడం. రాలేదా... ఇంకాస్త సాధన. వచ్చేసిందా... ఇంకాస్త విస్తరించే పని.

పొద్దున్నే పిల్లలు నిచ్చెన దగ్గరికెళ్లి తామెక్కడున్నారో చూసుకుంటారు. కార్డు తీసుకుని తమ జట్టులో కూర్చుంటారు. కొత్త పాఠం మొదలుపెట్టేవారు టీచరు పక్కన. కాస్త సాయం కావాల్సినవారు ఇంకో జట్టు. తోటివాళ్ల సాయంతో సాగేవారు మరో జట్టు. సొంతంగా చేసుకోగలిగేవారు ఇంకో పక్క. వయసు తేడాలున్నా ఒకే జట్టులో కూర్చుంటారు. పది రోజులు మానేసిన పాపకు కూడా తన మెట్టు అక్కడే ఉంటుంది. ఆమె వచ్చి దాని మీద కాలు పెడితే చాలు.

ఈ బడుల కబురు త్వరగానే పొలిమేర దాటింది. కర్ణాటకలోని మైసూరు జిల్లా హెచ్.డి.కోటె టీచర్లు వచ్చి చూసి వెళ్లి, 1995లో 'నలి కలి' మొదలుపెట్టారు. అంటే 'ఆడుతూ నేర్చుకో' అని. ఆ రాష్ట్రమంతా అది పాకింది. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ దారి పట్టాయి. 2007లో అక్కడి సర్కారు ప్రాథమిక బడులన్నింటికీ ఇదే పద్ధతి వచ్చింది. పక్క రాష్ట్రాల చిన్నారులు ఎక్కిన నిచ్చెన తెలుగు పల్లెల్లో తయారైందన్నమాట!

గది ఎలా సర్దాలి?

దీనికి లక్షలు పోసి కొనాల్సిన సామాను అక్కర్లేదు. ముందు చెయ్యాల్సింది పెద్దల ఎత్తు నుంచి పిల్లల ఎత్తుకి దిగడం. టీచరు ఓసారి నేలమీద కూర్చుని గది నాలుగు వైపులా చూస్తే చాలు. ఏది అందదో, ఏది కనపడదో ఇట్టే తెలిసిపోతుంది.

టీచరు బల్ల: గది మధ్యలో ముందువైపు ఉండక్కర్లేదు. ఓ గోడవారకు జరిపేస్తే సగం స్థలం కలిసొస్తుంది. టీచరు ఎలాగూ పిల్లల మధ్యే కూర్చోవాలి కాబట్టి ఓ చాప, ఓ పీట చాలు.

గోడ: కింది రెండు మూడడుగుల మేర నల్లరంగు వేసి, గీతలు గీసి తలా ఓ గడి ఇస్తే అది పిల్లల సొంత బోర్డు. తమిళనాడు బడుల్లో గదుల చుట్టూ ఇలాంటి పొట్టి బోర్డులే కనిపించేవి. పైన అడ్డంగా తీగలు కట్టి పిల్లలు వేసిన బొమ్మలు తగిలించేవారు. అందులో అందరివీ ఉండాలి... బాగా వేసినవారివి మాత్రమే కాదు.

హాజరు: పిలవడం, 'ప్రెజెంట్ టీచర్' అనడం... దీనికే పది నిమిషాలు పోతుంది. గుమ్మం పక్కన పేర్ల పట్టిక ఉంటే ఎవరి గుర్తు వాళ్లే పెట్టుకుంటారు. దాని పక్కనే ఎండ, మబ్బు, వాన బొమ్మలున్న చక్రం. ఆకాశం చూసి ముల్లు తిప్పడం రోజుకొకరి వంతు. తన పేరును తను గుర్తుపట్టడమే చాలామందికి తొలి చదువు.

లెక్కల మూల: చింతపిక్కలు, గవ్వలు, గులకరాళ్లు, కొబ్బరి పుల్లలు. పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కడితే 34 అంటే ఏమిటో చెప్పక్కర్లేదు... మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు. అష్టాచెమ్మాలో లాగా ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు అయిదు తీసుకుని విసిరితే? మూడు తెల్లగా, రెండు గోధుమరంగులో పడతాయి. మళ్లీ విసిరితే నాలుగూ ఒకటి. అయిదు ఎన్ని రకాలుగా విడిపోతుందో పాప తనే కనుక్కుంటుంది. కూడికలకు పునాది అక్కడే పడిపోతుంది.

చదువు మూల: పుస్తకాల వీపులు కాదు, ముఖాలు కనపడాలి. గోడకు రెండు దారాలు కట్టి, పుస్తకాన్ని మధ్యకు తెరిచి దారం మీద వేలాడదీస్తే అలమరే అక్కర్లేదు. పక్కనే అక్షరాల అట్టముక్కలు. వర్ణమాల వరసలోనే వెళ్లాలన్న నియమం లేదు. ప, ల, క, త, గ, డ వచ్చాయనుకోండి... పలక, తల, కల, గడప, పడగ, పడక అన్నీ చదివెయ్యొచ్చు. 56 అక్షరాలూ అయ్యేదాకా ఒక్క మాటైనా చదవకుండా కూర్చోవడం కంటే, వారం తిరక్కుండా ఓ మాట చదివితే పిల్లల ఉత్సాహమే వేరు.

కొట్టు మూల: ఖాళీ సబ్బు పెట్టెలు, బిస్కెట్ రేపర్లు, అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పల తక్కెడ, అట్టముక్కల డబ్బు. ఒకరు షావుకారు, మిగతావారు బేరగాళ్లు. మాటలు, లెక్కలు, చదవడం మూడూ ఒకేసారి!

ఇక అన్నింటికంటే ముఖ్యమైంది... ఏ డబ్బా మీద ఏ బొమ్మ ఉందో, అరలో అదే చోట అదే బొమ్మ ఉండాలి. అప్పుడే తీసినది తిరిగి తన చోటికి చేరుతుంది. సర్దుకోవడం టీచరు పని కాకుండా పిల్లల పని అవుతుంది. మొదట్లో ఓ నాలుగైదు రకాలు చాలు. ఒకేసారి నలభై పెడితే అది తరగతి కాదు, తిరణాల.

మొదటి రోజే తుస్సుమంటే?

గది సర్దారు. సామాను పెట్టారు. గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా ఈ ఘట్టాన్ని చక్కగా పట్టుకున్నారు. లాయరు వృత్తి వదిలి పంతులైన మనిషి ఆయన. 1920లో భావనగర్‌లో బాలమందిరం మొదలుపెట్టారు. ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులోకి 'పగటి కల'గా వచ్చింది. అందులోని మాస్టారు ఎంతో ముచ్చటపడి కొత్త పద్ధతితో తరగతిలోకి అడుగుపెడతాడు. మొదటి రోజే అంతా తలకిందులు! నిశ్శబ్దపు ఆట ఆడిద్దామంటే పిల్లలు అల్లరి చేసి గదిని సంతగా మార్చేస్తారు. చివరికి కథ చెప్పడం మొదలుపెడితేగానీ వాళ్లు ఆయన దారికి రారు.

అందుకే మొదటి వారం అక్షరాలూ అంకెలూ పక్కన పెట్టి, గదిలో మెలగడం నేర్పించాలి. చాప ఎలా పరవాలి, ఎలా చుట్టాలి. డబ్బా రెండు చేతులతో ఎలా తేవాలి. వేరొకరి చేతిలో ఉన్నది కావాలంటే ఎలా ఆగాలి. టీచరు నెమ్మదిగా చేసి చూపిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. రోజుకు ఒకటి రెండు పనులే. సర్దే వేళయిందని చెప్పడానికి అరుపు బదులు ఓ పాట. పాట అయ్యేలోగా ఎక్కడివక్కడ చేరాలి. ఓ వారం పాఠం పోయిందనిపిస్తుంది కానీ, ఆ వారమే తర్వాతి పది నెలల్ని మిగులుస్తుంది. తలా ఓ పని చేసుకుంటున్నప్పుడే కదా, అర్థం కాని నలుగురి పక్కన టీచరు తీరిగ్గా కూర్చోగలిగేది!

'బడిలో ఆటలేనా?'

ఇలాంటి గదికి మొదటి చిక్కు బయటినుంచే వస్తుంది. 'ఏం రాయించారు టీచర్? నోటుబుక్కులో ఒక్క పేజీ కూడా నిండలేదే!' అంటారు అమ్మానాన్నలు. పక్కింటి బాబు వ్యాను ఎక్కి ప్రైవేటు స్కూలుకెళ్లి రోజూ నాలుగు పేజీలు నింపుకొస్తుంటాడు మరి! పక్క గది టీచరుకేమో ఈ గోల పడదు.

ఇక్కడే రెండు సంగతులు గమనించాలి. గదిలో చప్పుడు రెండు రకాలు. పనిలేక చేసే గోల ఒకటి, పనిలో పడి గుసగుసగా మాట్లాడుకునే సందడి ఇంకొకటి. గుమ్మంలో ఓ నిమిషం నిలబడితే తేడా తెలిసిపోతుంది. ఇక రాత సంగతి. చూసి రాసిన పేజీకీ చదివి అర్థం చేసుకున్న వాక్యానికీ మధ్య ఎంత దూరమో 'అసర్' సర్వేలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. 2024 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగింది దాదాపు 27 శాతం మందే. మిగతావారి నోటుబుక్కులు ఖాళీగా ఏమీ లేవు!

ఈ చిక్కుకు రిషి వ్యాలీ బడులు ఓ ఉపాయం చేశాయి. తల్లుల్నీ ఊరివాళ్లనీ బడికే పిలవడం. 'మెట్రిక్ మేళా' పెట్టి, పిల్లలే ఊరివాళ్ల ఎత్తులూ బరువులూ కొలిచి చెప్పేవారు. తన మనవరాలు తన బరువు తూచి, చదివి, రాసుకుంటుంటే చూసిన అవ్వ ఇక నోటుబుక్కు పేజీలు లెక్కపెడుతుందా?

అయితే అంతా సాఫీగా సాగిందనీ కాదు. పద్ధతి లక్షల మందికి ఒకేసారి చేరినప్పుడు కొన్నిచోట్ల కార్డులు కూడా పాఠ్యపుస్తకంలాగే మారిపోయాయి. మెట్టు తర్వాత మెట్టు దాటించెయ్యడమే పని. పిల్లలు కార్డు ముందేసుకుని కూర్చుంటే టీచరు రికార్డులు నింపుకోవడం. కథ చెప్పేవారు, కలిసి పాడేవారు కరవయ్యారు. కార్డు కాగితమే కదా! దాని పక్కన 'ఏం చేశావమ్మా, ఎలా చేశావో చెప్పు' అని అడిగే మనిషి ఉండాలి.

ఇప్పుడు మళ్లీ ఆ కబుర్లే వినిపిస్తున్నాయి. మూడో తరగతి దాటేలోగా ప్రతి పాపా చదవాలి, లెక్క చెయ్యాలి అంటూ 2021లో కేంద్రం 'నిపుణ్ భారత్' మొదలుపెట్టింది. తెలంగాణ 2022లో 'తొలిమెట్టు' తెచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం ఆటవస్తువులతో 'జాదూయీ పిటారా' పెట్టె 2023లో వచ్చింది. పిటారా అంటే పెట్టె. మంచిదే. కానీ పెట్టె అంటే దానికి మూత ఉంటుంది. మూత ఉంటే తాళం ఉంటుంది!

ఇంట్లోనూ ఓ మూల

అమ్మానాన్నలు కూడా ఈ పద్ధతిని ఇంట్లో ప్రయత్నించొచ్చు. ప్రత్యేకంగా గది ఏమీ అక్కర్లేదు.

* కింది అర ఒకటి పిల్లలకు వదిలెయ్యండి. నాలుగైదు వస్తువులే పెట్టండి. వారానికోసారి మార్చండి.

* ఒక్కోదానికీ ఓ పళ్లెమో అట్టపెట్టో కేటాయించండి. తీసిన పళ్లెం తిరిగి పెట్టాకే రెండోది.

* పప్పులు వేరుచెయ్యడం, ఉతికిన బట్టల్లో జతలు కలపడం, కంచాలు లెక్కపెట్టి వడ్డనకు పెట్టడం... ఇవన్నీ లెక్కలే. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పిక్కలూ గింజలూ మాత్రం అందకుండా చూడండి. నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

* తప్పు చేసినప్పుడు వెంటనే చేతిలోంచి లాక్కోవద్దు. కాసేపు ఆగండి. చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు.

* 'ఇవాళ ఎన్ని పేజీలు రాశావ్?' బదులు 'ఇవాళ ఏం కనిపెట్టావ్?' అని అడిగి చూడండి.

తాళంచెవి ఎవరి దగ్గర?

బడి బాగుండాలంటే గదులు కావాలి, టీచర్లు కావాలి, సామాను కావాలి. ఇవన్నీ అడగాల్సిందే. ప్రాథమిక బడుల్లో 30 మందికి ఓ టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం 2010 నుంచీ చెబుతూనే ఉంది. కానీ అన్నీ వచ్చాక కూడా ఓ పాప తనంతట తాను లేచి, అరలోంచి డబ్బా తీసుకుని, చాప పరుచుకుని కూర్చోలేకపోతే ఆ గది ఇంకా మూసే ఉన్నట్టు.

ఈసారి మీ పాప బడికి వెళ్లినప్పుడు గోడమీద చార్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి. వాటి రంగులు ఎలా మెరుస్తున్నాయో చూడకండి. డబ్బాల మూతలు చూడండి. అట్టముక్కల అంచులు చూడండి. నలిగి, అరిగి, మూలలు చిరిగి ఉన్నాయా?

అయితే ఫర్లేదు. ఆ బడిలో చదువు జరుగుతోంది!